చేవయు వాసనయు

తెలుగున రెండు మాటలు కలవు. వానిని దినమునకు పదిసార్లు పలుకుచుండియు, వాని గర్భమున దాగియున్న శాస్త్రమును మనము గమనింపము. మ్రానును అడ్డముగా కోసినప్పుడు నడుమ ముదురురంగున, గట్టిగా, పురుగునకు లొంగక నిలిచియుండు కొయ్యకు మన పెద్దలు 'చేవ' అని పేరుపెట్టిరి. ఆ మాటనే మనుష్యునకు అన్వయించి, కష్టమును తట్టుకొని నిలువగలవానిని చేవగలవాడనియు, నీరుగారిపోయినవానిని చేవచచ్చినవాడనియు చెప్పుకొనుచు వచ్చిరి. రెండవ మాట 'వాసన'. అది ముక్కునకు తెలియు గుణము. కాని సంస్కృతమున ఆ పదమునకు, అనుభవము గడచిపోయిన పిదప మనస్సున మిగిలియుండు సంస్కారమను అర్థము కూడ కలదు గనుక, పాలుమరవని వయసుననే రాగము గుర్తుపట్టిన పిల్లవానిని జూచి పూర్వజన్మవాసన యందుము, అక్షరమెరుగనివానికి చదువు వాసనయే లేదందుము. నువ్వులను పూలతో కలిపి యుంచినచో, పూలు వాడిపోయి పారవేయబడిన తరువాత కూడ ఆ నువ్వుల నూనెలో పూలతావి నిలిచినట్లు, చేసిన పని మరుగైపోయినను దాని వాసన చిత్తమున నిలుచునని యోగాచార బౌద్ధులు ఉపమానము చెప్పిరి. ఆ ఉపమానమునకు మూలము తత్త్వశాస్త్రము కాదు. అది సుగంధతైలములు తీయు వారి వాకిట పుట్టినది.

కొయ్య పరిమళమునకును, దానిని మేన ధరించువాని స్వభావమునకును ఏమి సంబంధమను ప్రశ్న నేడు సుగంధద్రవ్యముల అంగళ్ళలో మిక్కిలిగా వినవచ్చుచున్నది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు రసాయనశాస్త్రము, శరీరశాస్త్రము, మనశ్శాస్త్రము మూడును కలిసి రావలసియున్నది. కాని వానికంటె ముందుగా నాకు గుర్తుకు వచ్చునది మా యింటి నడవలో గోడ ప్రక్కనున్న ఒక సానరాయి.

మా తాతగారు తెల్లవారుజామున నూతికడ స్నానముచేసి, తడిబట్ట పిండి ఆరవేసి, పీటమీద కూర్చుండి, ఆ సానమీద నాలుగు చుక్కల నీరు చిలికించి, బొటనవ్రేలంత లావున అరిగిపోయిన గంధపుచెక్కతో గంధము తీయుచుండెడివారు. చెక్కను రాతిమీద గుండ్రముగా త్రిప్పునప్పుడు మొదట గరగరమని పలుకును. నీటిలో పొడి కలిసి చిక్కబడినకొలది ఆ చప్పుడు మెత్తబడి, కడపట వినబడీ వినబడని రాపిడిగా మారును. అప్పుడు సాన అంచున మీగడవలె లేతపసుపు వన్నె గల ముద్ద పేరుకొనును. దానిని ఉంగరపువ్రేలితో తీసి నుదుట, భుజములమీద, రొమ్మున పూసికొనువారు. తడి ఆరకముందు ఆ వాసన అంతగా తెలియదు. ఆరి, మేనివేడిమి తగిలిన తరువాత నడవ యంతయు వ్యాపించును. మధ్యాహ్నమునకు వీధి అరుగుమీద కూర్చున్నవారికి కూడ ఆయన వచ్చి వెళ్ళినట్లు తెలియును. ఊరివారు ఆయనను గూర్చి, గంధమువంటి చల్లని మనిషి యనుచుండిరి. లోపల మజ్జిగ చిలుకుచు ఆ మాట విన్న మా నాయనమ్మ, "గంధం చల్లనే గానీ, మనిషి నిప్పురా నాయనా" అని నాతో మెల్లగా అనెడిది. ఆమెయే నిజము చెప్పినది. అన్నములో ఉప్పు తక్కువైన దినమున మేమందరము పెరటిలోనికి పోయి నిలుచుండెడివారము.

అయినను ఊరివారు అబద్ధమాడలేదు. వారికి ఆయన చల్లగానే కనబడినారు. ఒకే మనుష్యునిలో ఈ రెండు మాటలును ఎట్లు పొసగినవో తెలిసికొనవలెనన్నచో, గంధపుచెట్టు వేళ్ళనుండియే మొదలుపెట్టవలెను.

సాంటాలమ్ ఆల్బమ్ అని వృక్షశాస్త్రజ్ఞులు పిలుచు శ్రీగంధవృక్షము చూపునకు మిక్కిలి సామాన్యమైనది. దాని ఆకును నలిపి చూచినను, చిన్న పూవును ముక్కుకడకు చేర్చినను, కొమ్మను విరిచినను, మనము గంధమని యెరిగిన పరిమళము రాదు. బెరడు క్రింది తెల్లని కొయ్యలోను లేదు. ఆ చెట్టు ఆకులతో తన ఆహారమును తానే వండుకొనగలదు గాని, నీటికిని ఖనిజలవణములకును పరుల వేళ్ళను ఆశ్రయించును. దాని వేరు ప్రక్కచెట్టు వేరును తాకి, హాస్టోరియమ్ అను చిన్న గుబ్బవంటి చూషణాంగముతో దానిని పట్టి పీల్చుకొనును. అందువలననే శ్రీగంధపు తోటలు వేయు రైతులు మొక్క ప్రక్కను మొదట కందిని, పిదప సరుగుడువంటి చెట్లను పెంచుచుందురు. ఒంటరిగా నాటిన గంధపుమొక్క బ్రతుకుట కష్టము. ఇంతటి యశస్సు గల వృక్షము అర్ధపరాన్నభుక్కు అని మొదట చదివిన దినమున నా మనస్సు కొంత చివుక్కుమన్నది. కాని ప్రకృతియందు మన గౌరవాగౌరవములకు తావులేదు.

పదేండ్లో అంతకుమించియో గడచిన తరువాత కాండము నడుమ మార్పు మొదలగును. అచ్చటి జీవకణములు చనిపోవుటకు సిద్ధపడుచు, తమలోని ఫార్నెసిల్ డైఫాస్ఫేటు అను పదార్థమును సాంటలీనులుగాను, వానిని ఆమ్లజనితో కలిపి సాంటలాలులుగాను మార్చి, కొయ్యలో నింపి, తరువాత మరణించును. బూజునకును చెదలకును ఆ తైలము రుచింపదు. చెట్టు తన నడుమును కాపాడుకొనుటకై కూర్చుకొన్న ఈ రక్షణద్రవ్యమే మనము ధరించు పరిమళము, అదియే చేవ. కాలము గడచినకొలది చేవ వెడల్పగును. తైలము వేళ్ళయందు మిక్కిలిగాను, పైకి పోయినకొలది తక్కువగాను ఉండును గనుక, పూర్వమునుండి గంధపుచెట్టును నరకక వేళ్ళతో పెకలించుచుండిరి. ముప్పది నలువది యేండ్ల వయసు రానిదే మంచి చెక్క దొరకదు.

ఇచ్చట ఒక పొరపాటును సవరింపవలసియున్నది. శేషాచలము మొదలగు మన దక్షిణపు కొండలలో పెరుగు ఎఱ్ఱచందనమునకు చందనమను పేరున్నను పరిమళము లేదు. దాని ఖ్యాతి రంగువలన, కొయ్య దార్ఢ్యమువలన వచ్చినది. అది చిక్కుడు కుటుంబమునకు చెందిన వేరు వృక్షము. అస్సాము అడవులలోని అగరుచెట్టు కథ ఇంకను వింతయైనది: ఆరోగ్యముగా నున్న అగరుకొయ్య పాలిపోయి, తేలికగా, వాసనలేక యుండును, పురుగు తొలిచియో, గాయము తగిలియో, బూజు సోకినప్పుడు మాత్రమే ఆ చెట్టు నల్లని సర్జరసమును స్రవించి, ఊద్ అని అరబ్బులు ప్రాణప్రదముగా చూచుకొను పరిమళమును పుట్టించును. గంధము వయసున పుట్టును, అగరు గాయమున పుట్టును. ఇక వట్టివేరు కొయ్యయే కాదు, గడ్డివేరు. అయినను సుగంధకారులు దానిని దారుపరిమళముల పంక్తిలోనే కూర్చుండబెట్టుదురు. వేసవిలో వట్టివేళ్ళ తడికలు తడిపిన యింట పెరిగినవారికి అందులోని న్యాయము వెంటనే తెలియును.

టిప్పుసుల్తాను 1792లో శ్రీగంధమును రాజవృక్షముగా ప్రకటించెను. ఎవని పొలమున మొలిచినను అది ప్రభుత్వముదే. ఆ పద్ధతి తరువాతి ప్రభుత్వముల కాలమున కూడ కొనసాగి, కర్ణాటకమున 2001లోను తమిళనాడున 2002లోను చట్టములు సవరింపబడువరకు పోలేదు. తన చెట్టు తనది కానప్పుడు రైతు దానిని ఏల పెంచును? మొలచిన మొక్కను కనబడకుండ పీకివేయుటయే క్షేమమనుకొన్నవారు ఉండిరనుటలో ఆశ్చర్యము లేదు. మొదటి ప్రపంచయుద్ధము వచ్చి ఐరోపాకు చెక్క ఎగుమతి నిలిచిపోయినప్పుడు, మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పూనుకొని, 1916లో తమ సంస్థానమందే తైలము తీయు కర్మాగారమును స్థాపించిరి. ఉత్తరదేశమున కన్నౌజి అత్తరువారు అంతకు ఎంతో పూర్వమునుండి రాగి దేగులలో గులాబీలను, మొగలిరేకులను, తొలకరి మట్టివాసన కొరకు కాల్చిన మట్టిపెంకులను సైతము ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టముగుండ భప్కా అను పాత్రలోని గంధపుతైలమునకు పట్టించుచుండిరి. పూలతావిని నిలుపుటకు గంధమే ఆధారము. నువ్వుల ఉపమానము మరల ఇచ్చట కనబడును.

గంధపుతైలమున కేల ఈ నిలుపుడుశక్తి? ఉత్తమమైన తైలమున ఆల్ఫా సాంటలాలు నూటికి 41 మొదలు 55 పాళ్ళును, బీటా సాంటలాలు 16 మొదలు 24 పాళ్ళును ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. సాంటలాలు అణువున పదునైదు కర్బన పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు ఉండును. దాని అణుభారము 220. నిమ్మ నారింజ తొక్కలనుండి చిందు లిమొనీనునకు పది కర్బనములు, అణుభారము 136. నారింజతొక్కను నలిపినప్పుడు ఆ చురుకు వాసన ఒక్క క్షణమున గదియంతయు నిండి, వెంటనే మాయమగుట మనము చూచుచున్నదే. తేలిక అణువులు గాలిలోనికి గుంపులుగా ఎగిరిపోవును. బరువైన సాంటలాలు, అందులోను ఆమ్లజనితో ప్రక్క అణువులను పట్టుకొనియుండునది, ఒకటొకటిగా మాత్రమే చర్మమును విడిచిపోవును. అందువలననే సుగంధకారులు నిమ్మజాతిని తలమీదను, పూవులను నడుమను, కొయ్యలను అడుగునను ఉంచి పరిమళమును కూర్చుదురు: మొదట వచ్చునది మొదట పోవును, కొయ్య ఆలస్యముగా వచ్చి, సాయంకాలము వరకు నిలుచును.

ఈ సంగతి గ్రహించినచో, దారుపరిమళము ధరించువారు గంభీరులు, స్థిరచిత్తులు, మితభాషులు అను ప్రచారమునకు మూలమెక్కడనో తెలియును. నెమ్మదిగా ఎగురుట, ఆలస్యముగా వచ్చుట, చివరివరకు నిలుచుట, ఇవన్నియు అణువు గుణములు. మనము వానిని తెలియకయే మనుష్యునకు ఆరోపించుచున్నాము. వచ్చిన తోడనే ముక్కునకు తగిలి మాయమగు నిమ్మవాసన వానిని చపలుడనియు, వెళ్ళిపోయిన గంటకు కూడ వాసన విడిచిపోయిన వానిని గట్టివాడనియు తలచుట మన ఊహకు సహజమే. భాషయే ఆ దారి వేసినది: చేవ కొయ్యకును ఉన్నది, మనిషికిని ఉన్నది.

కొన్నియేండ్ల క్రిందట హైదరాబాదున ఒక సుగంధద్రవ్యముల అంగడిలో, అచట పనిచేయు ఒక అమ్మాయి తెల్లని కాగితపు పట్టీమీద దారుపరిమళమును చిలికించి, విసరి, నా చేతికిచ్చుచు, దానితోపాటు ఒక చిన్న అట్టను కూడ అందించినది. ఆ పరిమళమును ఇష్టపడువారు బయటికి నిబ్బరముగా కనబడినను లోలోపల సున్నితమైన మనస్సు గలవారనియు, కొద్దిమంది స్నేహితులతోనే మనసు విప్పుదురనియు, తమ శక్తిని ఇంకను పూర్తిగా వినియోగించుకొనలేదనియు ఆ అట్టమీద వ్రాసియున్నది. "సరిగ్గా మీకే రాసినట్టుంది కదండీ సార్!" అని ఆమె సంతోషముతో అన్నది. నిజమే, నాకును అట్లే తోచినది. మనస్సు ఒక్క క్షణము పొంగినది. తరువాత ప్రక్కనున్న పూలపరిమళముల అట్టను తీసి చదివితిని. అదియు నాకే సరిపోయినది.

ఈ భ్రమను బెర్ట్రమ్ ఫోరర్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త 1949లో ప్రకటించిన ప్రయోగమున స్పష్టముగా చూపెను. ఆయన తన విద్యార్థులకు ఒక స్వభావపరీక్ష పెట్టి, వారము గడచిన పిదప ఒక్కొక్కనికి వాని స్వభావవర్ణనమని చెప్పి ఒక కాగితమిచ్చి, అది ఎంతవరకు సరిపోయినదో ఐదు మార్కులకు వేయుమనెను. సగటున నాలుగుకు మించి వేసిరి. తరువాత తెలిసినదేమనగా, అందరికిచ్చిన కాగితము ఒక్కటే. అందలి వాక్యములు సంతలో దొరకు జాతకపుస్తకమునుండి ఏర్చినవి. లోకమున అందరికిని అన్వయించు మాటలు ప్రతివానికిని తన రహస్యముగా వినబడును. సుగంధమునకును స్వభావమునకును అంగళ్ళవారు కట్టిన పట్టికలలో పెక్కింటికి పునాది ఇదియే యని చెప్పుటకు నేను వెనుదీయను.

అయితే అట్ట తప్పైనంత మాత్రమున ప్రశ్న తప్పు కాదు. ఒకడు గంధమును, ఒకడు మల్లెను, ఒకడు నిమ్మను ఎంచుకొనుటకు కారణము ఉండవలెను గదా. ఆ కారణమును వెదుకవలసినది మొదట ముక్కులోపలనే.

రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అను శాస్త్రజ్ఞులు 1991లో ఘ్రాణగ్రాహకములను నిర్మించు జన్యువుల మహాకుటుంబమును కనుగొనిరి. అందులకే 2004లో వారికి నోబెల్ బహుమానము లభించినది. మనుష్యునియందు ఇట్టి గ్రాహకములు సుమారు 400 రకములు పనిచేయుచున్నవి. ఒక్కొక్క పరిమళాణువు కొన్ని గ్రాహకములను మీటును, ఒక్కొక్క గ్రాహకము కొన్ని అణువులకు పలుకును; వీణమీద స్వరములు కలిసి రాగమైనట్లు, ఈ మీటుల కూడికయే గంధముగానో, గులాబీగానో మనకు తెలియును. విశేషమేమనగా, ఏ యిద్దరి వీణలును ఒక్కతీరున శ్రుతిచేయబడలేదు. ఇద్దరు మనుష్యులను తీసికొన్నచో వారి ఘ్రాణగ్రాహకములలో నూటికి సుమారు 30 వంతులు పనిచేయు తీరున భేదించునని 2014లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తేల్చినది. ఆండ్రోస్టినోన్ అను పదార్థము కొందరికి మూత్రపు కంపు, కొందరికి తియ్యని వెనిల్లా వంటి సువాసన, మరికొందరికి ఏమియు లేని శూన్యము. ఓఆర్7డీ4 అను ఒక్క గ్రాహకపు జన్యువునందలి స్వల్పభేదము దీనికి చాలవరకు కారణమని 2007లో తెలిసినది. నేటి దారుపరిమళములలో విరివిగా వాడు ఐసో ఈ సూపర్ అను కృత్రిమద్రవ్యము కొందరికి దేవదారు మెత్తదనముగా తోచును, కొందరికి ఎంత చిలికించినను తెలియనే తెలియదు. కావున ఇద్దరు ఒకే సీసాను ముక్కుకడ నుంచుకొని, ఒకరు మెచ్చుకొని ఒకరు ముఖము చిట్లించినచో, అది స్వభావభేదమని తీర్పుచెప్పుటకు ముందు, వారు ఒకే పరిమళమును ఆఘ్రాణించిరా యని అడుగవలెను.

అంతకంటె లోతైన కారణము కూడ ఒకటి ఉన్నట్లున్నది. మన శరీరము తనవానిని పరాయివానిని గుర్తించుటకు వాడు రోగరక్షక జన్యువుల సముదాయము, ఎమ్‌హెచ్‌సీ అని పిలువబడునది, మనిషి మనిషికి భేదించును. దాని ప్రభావము మేనివాసనయందు కూడ కొంత కనబడును. మన్‌ఫ్రెడ్ మిలిన్‌స్కీ, క్లాస్ వెడెకిండ్ అను శాస్త్రజ్ఞులు ఈ జన్యువుల వివరము ముందే తెలిసిన విద్యార్థులకు 36 సుగంధద్రవ్యములను వాసనచూపి, ఇది నీ మేన ఉండవలెనని కోరుదువా యని అడిగిరి. ఒకే తరగతి జన్యువులు గలవారు తమకొరకై ఒకేతీరు ద్రవ్యములను ఎంచుకొను మొగ్గు కనబడినది. తమ ప్రియులు ధరింపవలెనని కోరునప్పుడు మాత్రము ఆ సంబంధము కనబడలేదు. 2001లో ప్రకటించిన ఈ ఫలితమునుబట్టి, మనుష్యుడు సుగంధమును తన మేనివాసనను కప్పుకొనుటకు గాక, దానినే బిగ్గరగా వినిపించుటకు ఎంచుకొనుచున్నాడేమో యని వారు ఊహించిరి. ప్రేగు నగరపు పరిశోధకులు 2012లో ఈ ఊహకు ఇంకొక వైపునుండి బలము చేకూర్చిరి: ఒక్కొక్కడు తాను కోరి వాడుకొను సుగంధము తన మేనివాసనతో కలిసినప్పుడు పుట్టిన మిశ్రమము, ఇతరులు ఎంచి యిచ్చిన సుగంధముతో కలిసినదానికంటె, వాసనచూచిన వారికి ఇంపుగా తోచినది. సీసాలోని సుగంధములు రెండును విడివిడిగా చూచినప్పుడు ఎచ్చుతగ్గులు లేవు. మేన కలిసినప్పుడే భేదము వచ్చినది.

ఈ రెండు ప్రయోగములును నాకు ఎంతయు ప్రియమైనవి. ఏల యనగా, ఇచ్చట పరిమళమునకును వ్యక్తికిని గల చుట్టరికము అట్టమీది విశేషణములలో గాక, చర్మమున, నెత్తురున కనబడుచున్నది. చర్మమునకు సైతము ఘ్రాణగ్రాహకము కలదు: ఓఆర్2ఏటీ4 అను గ్రాహకమును శాండలోర్ అను కృత్రిమ గంధద్రవ్యము మీటినప్పుడు చర్మకణములు వృద్ధిపొంది, పరిశోధనశాలలో గాయము త్వరగా పూడుటకు తోడ్పడినవని బోఖుమ్ నగరపు శాస్త్రజ్ఞులు 2014లో చూపిరి. ముక్కు ఎరుగక ముందే చర్మము ఎరుగుననుట ఎంత అద్భుతము! సహజమైన గంధపుతైలమునకు ఆ ఫలితము రాలేదని కూడ చెప్పవలెను; లేనిచో అంగడివారు దానినొక మందుగా అమ్ముదురు.

ఇక పరిమళము స్వభావమును మార్చగలదా యను మాట. లివర్పూలు పరిశోధకులు 2009లో కొందరు యువకులకు సుగంధము గల మేనిపూతను, మరికొందరికి సుగంధము లేనిదానిని ఇచ్చి, కొన్నిదినములు వాడించి, పిదప వారిని మాటలు వినబడని చిన్న చలనచిత్రములుగా తీసి స్త్రీలకు చూపిరి. చూచినవారికి వాసన అందదు, గొంతు అందదు. అయినను సుగంధము పూసికొన్నవారే ఎక్కువ ఆకర్షణీయులుగా తోచిరి. నిశ్చలమైన ఛాయాచిత్రములు చూపినప్పుడు మాత్రము భేదము లేదు. అనగా ముఖము మారలేదు. నిలుచుండు తీరు, మెడనిలుపు, కదలిక మారినవి. పరిమళము మొదట పనిచేసినది ధరించినవానిమీద, వానిగుండ చూచువారిమీద. వాసన అను పదమునకు గల రెండర్థములును ఇంత దగ్గరగా నిలుచుట నేనింకెచ్చటను చూడలేదు.

మా తాతగారి గంధమును నేనిప్పుడు ఈ వెలుగున చూచుచున్నాను. గంధము మనస్సును చల్లబరచునని మన వైద్యులు చెప్పుదురు. కాని 2006లో వియన్నా శాస్త్రజ్ఞులు గంధపుతైలమును ఆఘ్రాణింపజేసి కొలిచినప్పుడు నాడి, రక్తపోటు తగ్గుటకు మారు కొంత పెరిగినవి. ఆల్ఫా సాంటలాలు ఆఘ్రాణించినవారు తాము జాగరూకులమై యున్నామని చెప్పిరి. కావున చల్లదనము ఒక్క అణువునందే యున్నదనుకొనుట సరికాదు. నూతినీటి స్నానము, ఎవరును పలుకరింపని ఆ పావుగంట, రాతిమీద చెక్క తిరుగు చప్పుడు, ఏటేట మరల మరల అదే వాసనతో ముడిపడిన అదే నిశ్శబ్దము, ఇవన్నియు కలిసి ఆయనను చల్లబరచినవి. ఘ్రాణేంద్రియపు నాడులు తక్కిన ఇంద్రియములవలె థాలమస్ అను మెదడు కూడలిలో ముందుగా ఆగక, భావమునకు, జ్ఞాపకమునకు నెలవులైన భాగములకు తిన్నగా పోవును. అందువలన ఒక వాసనతో ఒకసారి ముడిపడిన చిత్తస్థితి ఆ వాసన తగిలిన తోడనే లేచి నిలుచును. గంధము పూసికొని వీధిలోనికి వచ్చిన ఆ గంటసేపు ఆయన నిజముగా చల్లనివారే. ఊరివారు చూచినది ఆ గంటను. మా నాయనమ్మ చూచినది తక్కిన ఇరువదిమూడు గంటలను. పైగా, అదే వాసన తెంపులేకుండ తగులుచుండగా ముక్కు దానిని గమనించుట మానివేయును గనుక, మధ్యాహ్నమునకు ఆయనకు తన గంధము తెలియదు; అరుగుమీదివారికి మాత్రమే తెలియును.

పాశ్చాత్యుల అంగళ్ళలో దారుపరిమళము పురుషులదనియు, పూలపరిమళము స్త్రీలదనియు గత శతాబ్దమున గీటుగీసిరి. మనకు ఆ గీటు లేదు. పేరంటమున ముత్తైదువుల మెడకు పూయునదియు గంధమే, పెండ్లిలో వియ్యాలవారికి పూయునదియు గంధమే. సింహాచలమున వరాహనరసింహస్వామి, ఉగ్రమూర్తి, ఏడాదిలో ఒక్క వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపమున దర్శనమిచ్చి, తక్కిన దినములన్నియు చందనపు పూతలోపలనే యుండును. ఆ యుగ్రమును చల్లార్చుటకే ఈ పూతయని భక్తులు నమ్ముదురు. నిప్పువంటి మా తాతగారు నడవలో కూర్చుండి గంధము పూసికొనుటకును, ఆ కొండమీది ఆచారమునకును వెనుకనున్న ఊహ ఒక్కటే యని నాకు తోచును: గంధము లోపలి స్వభావమును చాటు ప్రకటనము గాదు, దానిమీద ప్రతిదినము తిరిగి పూయవలసిన పూత. అసలు సంస్కృతమున గంధమనగా ప్రధానముగా వాసన. న్యాయశాస్త్రకారులు గంధగుణము కలదే పృథివి యని నిర్వచించిరి. ఆ సామాన్యపదమే మన తెలుగున ఈ చెక్కకు పేరుగా స్థిరపడినది.

ఆ చెక్క ఇప్పుడు నా బల్లసొరుగున ఉన్నది. అరిగి అరిగి చింతగింజకంటె కొంచెము పెద్దదిగా మిగిలినది. పైన చూచిన వాసన యేమియు రాదు. బయటి పొరలోని తైలము ఎన్నడో ఎగిరిపోయినది. మొన్న మా చెల్లెలు వచ్చినప్పుడు దానిని తీసి, చాకుమొనతో ఒక అంచున వెంట్రుకవాసి గీచితిని. యేబది యేండ్లనుండి లోపల దాగియున్న తైలము గాలికి తగిలినది. చెల్లెలు ముక్కుకడ నుంచుకొని కన్నులు మూసికొని, "నాన్నమ్మ మజ్జిగ చిలుకుతోంది అన్నయ్యా" అన్నది. ప్రక్కనున్న ఆమె మనుమడు చేయిచాచి తీసికొని, వాసనచూచి, "ఇది సబ్బు కదా తాతయ్యా" అన్నాడు. నేను చూచినప్పుడు నాకు వినబడినది గరగరమను చప్పుడు.